పక్కింటి పిల్లోడు బడి మానేసి సొల్యూషన్ పీలుస్తన్నాడు, నేనెవరికి చెప్పాలి?

ఉత్తరం:

మేడం, మాది నెల్లూరు, పెన్న ఒడ్డున ఉండే కాలనీ. నేనూ మా ఆయనా టిఫిన్ బండి నడుపుతాం. మా పక్కింట్లో ఇద్దరు పిల్లకాయలు, అబ్బాయికి 13, పాపకి 11. వాళ్ళమ్మ జబ్బు చేసి చనిపోయి రెండేళ్ళయింది. నాన్న బియ్యం మిల్లులో హమాలీ, వచ్చిన కూలిలో సగం పైన తాగుడుకే. అబ్బాయి ఆరో తరగతిలో బడి మానేసి మెకానిక్ షెడ్డులో పని చేస్తన్నాడు, రోజుకి నూటయాభై ఇస్తారంట, అది కూడా నాన్నే తీసుకుంటాడు. ఈమధ్య పంచర్లకి వాడే సొల్యూషన్ గుడ్డలో వేసి పీలుస్తన్నాడని మా వాడు చెప్పాడు, నేను కూడా ఒకసారి కళ్ళారా చూశాను. కట్ట మీద కూర్చునే పెద్ద పిల్లోళ్ళు కొందరు వీడి చేతికి పొట్లాలిచ్చి అక్కడికీ ఇక్కడికీ పంపిస్తన్నారని కూడా అంటన్నారు. పాప ఐదో తరగతి అయిపోయాక ఇంట్లోనే ఉంటంది, వంట తనే. రొట్టెల పండగప్పుడు నాతో వచ్చి చదువు రొట్టె అడిగి తీసుకుంది. పొద్దున ఇద్దరికీ ఇడ్లీ పెడతాను, అంతకు మించి ఏం చేయాలో తెలీడం లేదు. పిల్లల కోసం ఉండే 1098కి ఫోన్ చేస్తే పిల్లల్ని తీసకపోయి హాస్టల్లో పడేస్తారని, వాళ్ళ నాన్న మా మీదికి గొడవకొస్తాడని మా ఆయన వద్దంటన్నాడు. మా పొదుపు సంఘంలో కొందరం కలిసి సాయంత్రం పిల్లలకి ట్యూషన్ లాంటిది పెడదామనుకుంటన్నాం. దానివల్ల ఏమన్నా ఉపయోగం ఉంటదా?

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను, రెండోసారి ఆ చదువు రొట్టె దగ్గర ఆగిపోయాను. కోరిక తీరినోళ్ళు రొట్టె ఇస్తే కోరిక ఉన్నోళ్ళు తీసుకునే పండగ కదా అది, బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువు నీళ్ళలో నిలబడి ఉద్యోగం రొట్టె, పెళ్ళి రొట్టె, సంతానం రొట్టె అని ఎంతమంది పిలుస్తుంటారో మీకు నేను చెప్పక్కర్లేదు, అంత గోలలో పదకొండేళ్ళ పిల్ల తనంతట తను చదువు రొట్టె అడిగి తీసుకుందంటే ఆ పిల్లకి ఏం కావాలో మనం కూర్చోబెట్టి అడగాల్సిన పని కూడా లేదు, అదే చెప్పేసింది. ఇంక మిగిలింది మన పని.

మీరు అడిగిన దానికి ముందు సూటిగా చెప్తా. 1098కి ఫోన్ చేయండి. ఆలస్యం చేయొద్దు. కానీ ఫోన్ చేసేశాను, ఇంక గవర్నమెంటు వాళ్ళే చూసుకుంటారులే అని మాత్రం అనుకోవద్దు, ఎందుకంటే నేను ఇన్నేళ్ళలో చూసింది ఏందంటే పిల్లోణ్ణి పనిలోంచి బయటికి తీసేది ఆఫీసర్లయినా మళ్ళీ ఆ పనికి పోకుండా నిలబెట్టేది మాత్రం ఆ వీధిలోనే ఉండే మనిషి. పథకాలూ చట్టాలూ అన్నీ ఉన్నాయి, అవన్నీ కింద చెప్తాను, కానీ ఆ మనిషి లేకపోతే అవి పిల్లోడి దాకా రావు.

ఇది నాకు ఎట్లా తెలిసిందో చెప్తాను. 90ల్లో నేను మార్కాపురంలో బాల కార్మికుల ప్రత్యేక పాఠశాలలో పాఠాలు చెప్పాను. మార్కాపురం అంటే అప్పట్లో పలకలే, రాతి పలకలు కోసే చోట పెద్దోళ్ళతో పాటు పిల్లకాయలు కూడా కూర్చునేవాళ్ళు, సాయంత్రానికి జుట్టూ కనుబొమ్మలూ అన్నీ బూడిద రంగు. 1988లో కేంద్రం జాతీయ బాల కార్మిక పథకం మొదలుపెట్టినప్పుడు ముందుగా తీసుకున్న వాటిలో మార్కాపురం పలకల పరిశ్రమ కూడా ఉంది. పని మాన్పించిన పిల్లల్ని మా బడిలో చేర్చుకుని మధ్యాహ్నం అన్నం పెట్టి నెలకి 100 రూపాయలు స్టైపెండ్ ఇచ్చేవాళ్ళు. అట్లా వచ్చిన ఒక పిల్లోడు నెల రోజులు చాలా బాగా వచ్చాడు, అఆలు గబగబా పట్టేశాడు, నాకైతే వాడంటే ఎంత ముద్దో, ఆ తర్వాత ఉన్నట్టుండి కనపడలా. ఇల్లు వెతుక్కుంటూ పోతే తెలిసింది వాళ్ళ నాన్న ముందే ఫ్యాక్టరీలో అడ్వాన్స్ తీసుకుని ఉన్నాడు, అది తీరాలంటే వీడు పోవాల్సిందే. మేం పిల్లోణ్ణి తెచ్చుకున్నాం గానీ ఆ ఇంటి అప్పు సంగతి ఎవరం అడగలా. అది మా తప్పే. అదే బడిలో ఇంకో పిల్లోడు, వాడింట్లోనూ అప్పు, వాడింట్లోనూ తాగుడు, కానీ వాళ్ళ సందు చివర బోండాలు వేసే ఒక ముసలామె రోజూ పొద్దున బేరం అయిపోగానే వాడి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి గేటు దగ్గర వదిలిపెట్టి నా మొహం చూసి పోయేది. మాట్లాడేది కూడా కాదు. ఎండ లేదు వాన లేదు, రెండేళ్ళు అట్లాగే తెచ్చింది. వాడు పదో తరగతి పాసయ్యాడు.

మీరు బండి నడిపే మనిషి కదా, అందుకే ఆమె గుర్తొచ్చింది.

సరే, అన్నిటికన్నా ముందు సొల్యూషన్ సంగతి, ఇది వాయిదా వేసేది కాదు. ఆ ట్యూబుల్లో టొలుయిన్ లాంటి రసాయనాలుంటాయి, పీల్చిన కొద్దిసేపటికే మెదడుకెక్కుతాయి, ఆకలి తెలీదు, చలి తెలీదు, అమ్మ లేదన్న సంగతి కూడా కాసేపు తెలీదు. అందుకే కడుపు కాలే పిల్లలకి ఇది తొందరగా పట్టుకుంటది. పైగా వాడి చేతికి అందేంత దూరంలోనే రోజంతా ఆ ట్యూబులు ఉంటాయి. మీరు తప్పకుండా గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది, వాడు పీలుస్తూ కనపడితే వెంటపడి తరమొద్దు, కొట్టొద్దు, ఉన్నట్టుండి గట్టిగా అరవొద్దు. ఆ మత్తులో గుండె లయ తప్పే ప్రమాదం ఉంటది, భయపడి పరిగెత్తిన పిల్లలు అక్కడికక్కడే పడిపోయి చనిపోయిన సందర్భాలు డాక్టర్లకి తెలుసు. మెల్లగా పిలిచి కూర్చోబెట్టి ఆ గుడ్డ తీసేసి గాలి తగిలే చోట ఉంచండి. ఆ వాసనతో మీ బండి దగ్గరికొస్తే పెనం దగ్గరికి, స్టవ్ దగ్గరికి అస్సలు రానీకండి, బట్టల మీద ఒలికిన సొల్యూషన్ మంట తగిలితే భగ్గుమంటది. స్పృహ లేకపోతే ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టి 108కి చేయండి.

మాన్పించడానికి నెల్లూరు పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఓపీ ఉంది, అక్కడ చూపించండి. పిచ్చోళ్ళ ఓపీ అని జనం అనుకుంటారని వెనకాడొద్దు. పోయేముందు ఎవరితోనన్నా మాట్లాడాలంటే మత్తు మానేవాళ్ళ కోసం 14446 ఉంది, మనసు సంగతులకి టెలీమానస్ 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బులేం పడవు. వాడు వ్యసనపరుడు అనే మాట మాత్రం వాడి ముందు అనొద్దండీ. వాడు 13 ఏళ్ళ పిల్లోడు, అమ్మ పోయిన పిల్లోడు, దుఃఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలీక ఆ గుడ్డలో పెట్టుకుంటన్నాడు.

ఇప్పుడు 1098. ఇది 24 గంటలూ పనిచేసే నంబరు, ఫ్రీ, పిల్లలైనా చేయొచ్చు పెద్దలైనా చేయొచ్చు. మీ పేరు బయట పెట్టొద్దని ముందే చెప్పండి, అసలు పేరు చెప్పకుండా కూడా సమాచారం ఇవ్వొచ్చు. అవతల వాళ్ళకి కథంతా అక్కర్లేదు, ఇద్దరు పిల్లలు, తల్లి లేదు, వయసులు ఇవి, అబ్బాయి ఫలానా చోట పనిచేస్తన్నాడు, మత్తు అలవాటు ఉంది, పాప బడి మానేసింది, నాన్న తాగుతాడు, ఇల్లు ఎక్కడ, ఏ టైముకి ఎవరుంటారు, ఇంత చాలు. ఆ ఫోన్ జిల్లా బాలల సంరక్షణ విభాగానికి చేరి వాళ్ళ మనిషి ఇంటికొచ్చి చూస్తారు. అవసరమైతే పిల్లల్ని బాలల సంక్షేమ కమిటీ ముందుకి తీసుకెళ్తారు, సీడబ్ల్యూసీ అంటారు, ఒక ఛైర్‌పర్సన్, నలుగురు సభ్యులు ఉంటారు. అది కోర్టు బోను కాదు, పోలీస్ స్టేషన్ కాదు. పిల్లల్తో మాట్లాడతారు, ఇంటి పరిస్థితి ఏందో విచారణ చేయించి రిపోర్టు తెప్పించుకుంటారు, అప్పుడు నిర్ణయం తీసుకుంటారు.

మీ ఆయన భయం ఊరికే వచ్చింది కాదు, పాత రోజుల్లో అట్లా జరిగింది కూడా, పిల్లోడు కనపడితే హోముకి తోలేయడమే. కానీ 2015 జువైనల్ జస్టిస్ చట్టంలో పిల్లల్ని హోములో పెట్టడం అన్ని దారులూ చూశాక చివరగా చేయాల్సిన పని అని స్పష్టంగా ఉంది. ముందు సొంత ఇల్లు, అది కుదరకపోతే అవ్వా తాతా పిన్నీ మేనమామా, అవేవీ కుదరకపోతే అప్పుడు హోము. తండ్రికి గట్టిగా చెప్పి పిల్లల్ని ఇంట్లోనే ఉంచి మధ్యమధ్యలో వచ్చి చూసుకుంటూ ఉండేట్టు కూడా కమిటీ ఆర్డర్ ఇవ్వొచ్చు. అక్కడ మీలాంటి వాళ్ళ మాట చాలా పనికొస్తది. పక్కింట్లో ఒక కుటుంబం ఉంది, పొద్దున టిఫిన్ పెడతారు, పిల్లల్ని కనిపెట్టుకుని ఉంటారు అని రిపోర్టులో పడితే ఆ ఇంటిని కమిటీ చూసే తీరే మారిపోతది. మీరు భయపడి దూరంగా ఉంటే పిల్లలకి ఎవరూ లేరనే రాస్తారు కదా.

ఇంకో మాట కూడా దాచకుండా చెప్పాలి. ఆ ఇంట్లో రాత్రిళ్ళు తాగడానికి వేరే మగోళ్ళు వస్తంటారా? పాప పడుకునే చోటు ఎక్కడ? దీని గురించి మీ ఉత్తరంలో లేదు, కానీ నేను అడక్కుండా ఉండలేను. పాప ఎవరినన్నా చూసి బెదురుతున్నట్టో, ఇంట్లో పడుకోవడానికి ఇష్టపడనట్టో అనిపిస్తే అప్పుడు ఇల్లే ముఖ్యం అనే మాట పక్కన పెట్టేయండి, ఆ రోజే 1098 గానీ 112 గానీ చేయండి. పిల్లల మీద లైంగిక వేధింపుల గురించిన పోక్సో చట్టం ప్రకారం అలాంటిది తెలిసీ చెప్పకపోవడం కూడా తప్పే. పాపని ఇరవై ప్రశ్నలు వేసి భయపెట్టొద్దు, అది చెప్పింది వినండి, నువ్వు చెప్పింది నమ్ముతున్నా అని చెప్పండి, మిగతాది అధికారులకి వదిలేయండి.

వాళ్ళ నాన్న దగ్గరికి ఒక్కరే పోవద్దు. సాయంత్రం అసలు పోవద్దు. పొద్దున మిల్లుకి పోకముందు, తాగకముందు, మీ సంఘం లీడరునో, సంఘాల్ని చూసుకునే రిసోర్స్ పర్సన్‌నో (ఆర్పీ), వార్డు సచివాలయంలో ఉండే మహిళా పోలీసునో వెంటబెట్టుకుని పోండి. నీ కొడుకుని పనికి పంపిస్తావా, సిగ్గు లేదా అని మొదలుపెడితే ఆ మాట అక్కడితో ఆగిపోతది. పెళ్ళాం పోయిన మనిషి, రోజంతా డెబ్బై ఐదు కేజీల బస్తాలు మోసే మనిషి, ఆయన కూడా లోపల ఎక్కడో విరిగిపోయే ఉంటాడు. ముందు ఆమె మాట ఎత్తండి, మీ పిల్లలు మా ఇంట్లో ఇడ్లీ తింటన్నారన్నా, ఆమె ఉంటే ఎంత బాగా చూసుకునేదో అని. తర్వాత మెల్లగా ఆస్పత్రి సంగతి, తాగుడు మాన్పించే డాక్టర్ల సంగతి చెప్పండి, ఆ 14446 ఆయనకి కూడా పనికొస్తది. మొదటిరోజే ఒప్పుకోడు. మూడోసారికో నాలుగోసారికో ఒప్పుకుంటాడేమో. ఆయన ఒప్పుకునేదాకా పిల్లల సంగతి మాత్రం ఆపొద్దు, అవి రెండూ వేరువేరుగా నడవాలి. మిల్లులోనో షెడ్డులోనో ఎంత అడ్వాన్స్ తీసుకున్నాడో కూడా కనుక్కోండి, మార్కాపురంలో మేం అడగని ప్రశ్న అదే.

షెడ్డు మెకానిక్ గురించి. చాలామంది మేస్త్రీలు నేను పని నేర్పిస్తన్నా, తిండి పెడతన్నా, లేకపోతే వీడు రోడ్లెంబడి తిరుగుతాడు అంటారు, మనసులో నిజంగానే అట్లా అనుకుంటారు కూడా. కానీ 14 ఏళ్ళ లోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టుకోకూడదు, 2016లో చట్టం మార్చాక ఇందులో సందేహమే లేదు, ఆరు నెలల నుంచి రెండేళ్ళ జైలు గానీ 20 వేల నుంచి 50 వేల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. ఆ జరిమానా డబ్బుకి ప్రభుత్వం ఇంకో 15 వేలు కలిపి పిల్లోడి కోసం ఫండులో వేయాలని కూడా ఉంది. నా సలహా ఏందంటే ముందు ఆయనతో మీ ఆయన మాట్లాడితే మంచిది, మగోళ్ళు మగోళ్ళు మాట్లాడుకుంటారు, అన్నా నీ షెడ్డులో సొల్యూషన్ పీలుస్తన్నాడు, రేపు వాడికేమన్నా అయితే నీ మీదికొస్తది, వాడు బడికి పోనీ అని. వింటే సరే. వారం దాటినా వినకపోతే లేబర్ ఆఫీసుకి కూడా చెప్పాల్సిందే, మొహమాటం పెట్టుకోవద్దు.

బడి సంగతికొస్తే, 2009 విద్యా హక్కు చట్టం ప్రకారం 14 ఏళ్ళ దాకా వాడికి బడి హక్కు. ఆరులో మానేశాడు కాబట్టి మళ్ళీ ఆరులో చిన్న పిల్లల మధ్య కూర్చోబెట్టక్కర్లేదు, వయసుకి తగ్గ తరగతిలోనే చేర్చుకుని వెనకబడిన పాఠాలకి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. టీసీ లేదని, బర్త్ సర్టిఫికెట్ లేదని, సంవత్సరం మధ్యలో వచ్చారని చేర్చుకోకుండా పంపించేయకూడదు. ఈ మాట నేను నొక్కి చెప్తన్నా ఎందుకంటే మన జిల్లాలో యానాది కుటుంబాల పిల్లలు ఎంతోమంది ఒక్క కాగితం లేక బడి గుమ్మం దగ్గర నుంచే వెనక్కి పోయారు, బాతులు మేపుకుంటూ, రొయ్యల గుంటల కాపలా కాసుకుంటూ పెద్దోళ్ళయిపోయారు. హెడ్మాస్టరు కాదంటే మండల విద్యాధికారి దగ్గరికి పోండి, అక్కడ కాగితం మీద రాసి ఇవ్వండి, నోటితో చెప్తే మర్చిపోతారు. అయితే చేర్చిన మొదటి నెల చాలా కష్టంగా ఉంటదని ముందే అనుకోండి. చేతిలో రోజూ డబ్బు చూసిన పిల్లోడు, స్పానర్ పట్టి బండి విప్పగలిగిన పిల్లోడు బెంచీ మీద కూర్చుంటే వాడికి తను ఎందుకూ పనికిరానోడిలాగా అనిపిస్తది. అందుకే వాడికి వచ్చిన పనిని తక్కువ చేయొద్దు. పది పాసైతే ఐటీఐలో మోటార్ మెకానిక్ ట్రేడు ఉంది, అక్కడ సర్టిఫికెట్టుతో ఇదే పని నేర్చుకుంటావురా అని చెప్పండి. ఒకవేళ మామూలు బడిలో ఎంతకీ ఇమడలేకపోతే 14 నిండాక ఓపెన్ స్కూల్లో పది రాసే దారి కూడా ఉంది, కానీ అది రెండో దారి, ముందే ఆ దారి చూపించొద్దు.

పాపకి కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయం ఉంది. 2004 నుంచి నడుస్తన్న బడులు ఇవి, బడి మానేసిన ఆడపిల్లలకి, తల్లీతండ్రీ లేనోళ్ళకి, ఒక్కరే ఉన్నోళ్ళకి ముందు చోటిస్తారు, ఆరో తరగతి నుంచి ఉంటది, ఉండడం, తిండి, పుస్తకాలు, బట్టలు అన్నీ ఉచితం. పాప ఐదు పూర్తి చేసింది కాబట్టి సరిగ్గా సరిపోతది. అప్లికేషన్లు ఎండాకాలం ముందర ఆన్‌లైన్‌లో తీసుకుంటారు, మధ్యలో ఖాళీలుంటే కూడా చేర్చుకుంటారు, సమగ్ర శిక్ష ఆఫీసులో అడగండి. మీ ఆయన భయపడిన హాస్టలు కాదు ఇది, పాప అడిగిన చదువు రొట్టే ఇది. కానీ పాపని అడగండి. అన్నని వదిలి పోవడానికి ఏడ్చే పిల్లలుంటారు, తను పోతే వాడు ఇంకా పాడైపోతాడని అనుకుంటారు, పదకొండేళ్ళకే అమ్మ పాత్ర మోస్తంటారు. ఇప్పుడే వద్దంటే దగ్గర్లో మున్సిపల్ హైస్కూల్లో ఆరులో చేర్చండి. ఇంకో రెండు మూడేళ్ళకి బంధువులు పెళ్ళి మాట ఎత్తుతారు, తల్లి లేని పిల్ల కదా బరువు దించుకుందాం అని, అప్పుడు కూడా మీరు అడ్డం నిలబడాలి.

ఆ పొట్లాలు నన్ను నిద్రపోనివ్వలేదు. గంజాయే అయితే పెద్దోళ్ళు ఎందుకు చిన్నోడితో పంపిస్తారో అందరికీ తెలుసు. చిన్నపిల్లలతో మత్తు మోయించినా అమ్మించినా ఏడేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా అని జువైనల్ జస్టిస్ చట్టంలోనే ఉంది. మన రాష్ట్రంలో గంజాయి మీద చెప్పడానికి ఈగల్ అనే మత్తు నిరోధక పోలీసు విభాగం నంబరు 1972. మీరు కట్ట మీదికి పోయి వాళ్ళతో మాట్లాడొద్దు, మీ కొడుకుని కూడా పంపొద్దు. ఫోన్ చేయండి, అంతే. అప్పటికే పిల్లోడు పోలీసులకి దొరికితే భయపడి దాక్కోవద్దు, మీరు పోండి, వాణ్ణి లాకప్‌లో పెట్టకూడదు, సంకెళ్ళు వేయకూడదు, 24 గంటల్లో పిల్లల కేసులు చూసే జువైనల్ జస్టిస్ బోర్డు ముందు పెట్టాలి. లాయరు ఖర్చు మీరు పెట్టుకోనక్కర్లేదు, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ పిల్లలకి ఉచితంగా ఇస్తది, 15100కి చేస్తే చెప్తారు.

డబ్బు. రోజుకి నూటయాభై పోతే ఇల్లెట్లా అని వాళ్ళ నాన్న అడుగుతాడు, న్యాయమైన ప్రశ్నే. పిల్లల సంరక్షణకి కేంద్రం పెట్టిన మిషన్ వాత్సల్య పథకం కింద స్పాన్సర్‌షిప్ అని నెలకి పిల్లకి 4000 ఇస్తారు, పట్నంలో కుటుంబ ఆదాయం ఏడాదికి 96 వేలు మించకూడదు, పల్లెలో 72 వేలు. పనిలోంచి బయటికొచ్చిన పిల్లలు కూడా దానికి అర్హులే. జిల్లాకి ఇన్ని అని పరిమితి ఉంటది కాబట్టి వస్తదని ఆయనకి మాటివ్వొద్దు, దరఖాస్తు మాత్రం పెట్టించండి, బాలల సంరక్షణ విభాగంలోనే. బడికి పోతంటే మన రాష్ట్ర పథకం తల్లికి వందనం కూడా ఉంది, పిల్లకి 15 వేల లెక్కన, అందులో 13 వేలు ఖాతాలో పడతాయి, హాజరు 75 శాతం ఉండాలి. తల్లి లేదు కాబట్టి సంరక్షకుల ఖాతాకి వస్తది, ఆ సంరక్షకులు ఎవరనేది జాగ్రత్తగా చూసుకోండి, పిల్లల అమ్మమ్మ వైపు నమ్మకమైన మనిషి ఎవరన్నా ఉంటే ఆమె పేరు పెట్టించే వీలుందేమో సచివాలయంలో వెల్ఫేర్ సెక్రటరీని అడగండి. ఆయన ఖాతాలో పడితే ఎటు పోతాయో మీకూ నాకూ తెలుసు.

ఇంక మీ సాయంత్రం ట్యూషన్. ఉపయోగం ఉంటదా అని అడిగారు. నెల్లూరు జిల్లా ఆడవాళ్ళు ఈ ప్రశ్న అడక్కూడదమ్మా. 1992లో దూబగుంటలో రాత్రిబడికి పోయి అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్ళు, రోశమ్మ లాంటోళ్ళు, పాఠంలో సారా సంగతి చదివి లేచి పోయి సారా కొట్టు మూయించారు, అది ఊరూరికీ పాకి 1993లో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. వాళ్ళు మొదలుపెట్టింది కూడా ఒక లాంతరు, ఒక చాప, సాయంత్రం రెండు గంటలు.

మొదలుపెట్టండి, కానీ ట్యూషన్ అని పేరు పెట్టొద్దు, బడి మానేసిన పిల్లోడు ఆ మాట వింటేనే పారిపోతాడు. ముందు ఆట పెట్టండి. క్యారమ్ బోర్డు, కబడ్డీ, ఏదో ఒకటి. తినడానికి ఏదన్నా పెట్టండి, మీ బండిలో మిగిలిన ఇడ్లీతో ఉప్మా చేసినా చాలు, ఆరుగంటలకి కడుపు నిండిన పిల్లోడు ఆ గుడ్డ వైపు పోవడం తగ్గుతది, ఇది నేను చూసిన సంగతి. చదువు నెల తర్వాత వచ్చినా పరవాలేదు. చోటు కోసం అంగన్వాడీ గానీ మున్సిపల్ బడి వరండా గానీ అడగండి, అనుమతి కాగితం తీసుకోండి. ఎప్పుడూ ఇద్దరు పెద్దోళ్ళు ఉండాలి, ఒక్కరే ఒక పిల్లతో తలుపేసుకుని ఉండే పరిస్థితి రాకూడదు, ఎంత తెలిసిన మనిషైనా సరే. ఇరవై మంది కన్నా ఎక్కువైతే చూసుకోలేరు. రోజూ ఎవరొచ్చారో ఒక నోటుబుక్కులో రాసుకోండి, రెండ్రోజులు రాని పిల్ల ఇంటికి మూడోరోజు ఎవరో ఒకరు పోవాలి, మొత్తం పనిలో ఇదే ముఖ్యం, మిగతాదంతా దీని కోసమే. ఫొటోలు తీసి స్టేటస్‌లో పెట్టొద్దు, ఎవరన్నా నాయకులొచ్చి పిల్లలతో దిగుతామన్నా ఒప్పుకోవద్దు, ఇలాంటి పిల్లల మొహాలూ పేర్లూ బయట పెట్టడం చట్టం ప్రకారం నేరం. పిల్లలకి రేపు పెద్దయ్యాక ఆ ఫొటో ఎంత బాధో కూడా ఆలోచించండి. సంఘంలో ఇంటర్ చదివే ఆడపిల్లలో డిగ్రీ చదివే పిల్లోళ్ళో ఉంటే వారానికి రెండ్రోజులు రమ్మనండి, రోజూ రమ్మంటే నెలకే అలిసిపోయి మానేస్తారు.

రేపు పొద్దున బేరం అయిపోయాక, పదింటికి కాస్త తీరిక దొరుకుతది కదా, అప్పుడు 1098 చేయండి, మీ ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకునే చేయండి, ఆయన కూడా వింటే భయం తగ్గుతది. ఎవరు మాట్లాడారు, ఏం చెప్పారు, ఎప్పుడొస్తామన్నారు అన్నీ తారీఖుతో సహా రాసి పెట్టుకోండి. వారంలో ఎవరూ రాకపోతే అదే కాగితం తీసుకుని సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో ఇవ్వండి. నాకు మళ్ళీ రాయండి. పిల్లోడు బడికి పోయిన మొదటి రోజు సంగతి రాయకపోయినా పరవాలేదు, వాడు మళ్ళీ మానేసిన రోజు మాత్రం తప్పకుండా రాయండి, ఆ రోజు ఏం చేయాలో కలిసి ఆలోచిద్దాం.